పేరు పోగొట్టుకొన్న దయ్యం

పోయిన వారం కృష్ణగిరిలో మా చెల్లెలి మనవరాలికి చెవులు కుట్టిస్తే చూసి, మధ్యాహ్నం ఆడే భోంచేసి, హోసూరుకు బస్సులో తిరిగి వస్తా ఉన్నాను. పక్క సీటులో ఒక పిల్ల. మెడలో ఫ్యాక్టరీ ట్యాగు, ఒళ్లో టిఫిను సంచి. మాట చూస్తే ఆంధ్రా పక్కనుంచి ఈ తమిళనాడుకు పనికి వచ్చిన పిల్ల. చెవిలో పెట్టుకొనే వైర్లు మరిచిపోయినట్లుంది, ఫోను చెవి పక్కన ఆనించుకొని ఏదో కథ వింటా ఉన్నింది. వద్దన్నా నా చెవిలో పడతా ఉన్నింది. గురుబరపల్లి వచ్చేసరికి నాకు ఒళ్ళు ఝల్లుమనింది. చదివే గొంతు ఎవరిదో, వెనకాల గాలి హోరు, కుక్క ఏడుపు, తలుపు కిర్రుమనడం అన్నీ పెట్టినారు గాని, మాటలు మాత్రం నావి. ఆ పిల్ల నా ముఖం చూసి, "దెయ్యాల కథ ఆంటీ. భయమేస్తే చెప్పండి, ఆపేస్తా" అనింది. "పర్వాలేదు, పెట్టమ్మా" అన్నాను. కథ అయిపోయినాక ఉండబట్టలేక ఎట్లుందని అడిగినాను. "బాగానే రాస్తది ఆంటీ. కాకపోతే ఈవిడ సొంతం కాదంట. ఇంతకుముందు ఒకాయన వీక్లీల్లో రాసేవాడు, మా అమ్మావాళ్ళు పడి చచ్చేవాళ్ళు. ఈవిడ ఆయన్ని కాపీ కొడతందని కింద కామెంట్లలో అందరూ తిడతన్నారు" అనింది. ఆ పిల్లను కిటికీలోనుంచి కిందికి తోసేస్తే ఎట్లుంటుందని ఒక్క క్షణం ఆలోచించినాను. దయ్యం కథలు రాసేవాళ్ళకు ఇట్లాంటి ఆలోచనలు తొందరగా వస్తాయి. తోసెయ్యలేదు. పాపం, దాని తప్పేముంది? కథ కడదాకా విన్నింది కదా.

ఆ 'ఒకాయన' మా బావ. ఆయన రాసినాడని ఆ పిల్ల అమ్మ పడి చచ్చిన కథలన్నీ నేను రాసినవే. అంటే ఇప్పుడు నన్ను నేనే కాపీ కొడతా ఉన్నానని లోకం నన్ను తిడతా ఉంది. ఇది ఒక మాటలో చెప్పేస్తే నవ్వుకొనే సంగతిగా ఉంటుంది. నాకు మాత్రం నవ్వు రాదు. వచ్చినా ఆ నవ్వు మంచిది కాదు.

మా బావ అంటే మా నాయన అక్క కొడుకు. గురుబరపల్లిలో మా ఇల్లూ, అత్త ఇల్లూ గోడకు గోడ. అత్తకు మేకలుండేవి, రొంత మామిడి తోట ఉండేది. పొద్దు గూకినాక మేకల్ని తోలి, రాగిముద్ద గెలికి, పిల్లోళ్ళందరికీ పెడతా దయ్యాల సంగతులు చెప్పేది. మా అత్త దయ్యాలకు పెద్ద పనేమీ ఉండేది కాదు. అవి ఉండేవి, అంతే. తోటలో ఒకటి, హైవే మోరీ కింద ఒకటి, పాత బావిలో ఇంగొకటి. మోరీ కిందది ఏడుస్తుంది. "ఎందుకేడుస్తుంది అత్తా?" అని నేను అడిగితే, "దయ్యం కాబట్టి ఏడుస్తుంది. తిను" అనేది. నాకు ముద్ద దిగేది కాదు. భయంతో కాదు, ఎందుకేడుస్తుందో తెలియక. బావ మాత్రం ఆ కథలు జరిగేటప్పుడు లోపల దీపం దగ్గర పరీక్షలకు చదువుకొనేవాడు. దయ్యాలంటే మూఢనమ్మకమని ఆ వయసులోనే అత్తతో వాదించినాడు. తిరుపతికి పోయి తెలుగు చదివి, హైదరాబాదులో ఒక వీక్లీలో ఉద్యోగం సంపాదించినాడు. అప్పటినుంచి మాట మారిపోయింది. 'వచ్చినాను' పోయి 'వచ్చాను' అయింది. సొంత అమ్మతోనే గోదావరి జిల్లా వాడి మాదిరి మాట్లాడేవాడు, ఆమె సగం అర్థమై సగం కాక తలూపేది.

నన్ను ఆయనకిచ్చి చెయ్యాలని ఇంట్లో మాట నడిచిన సంగతి నిజమే. ఆయన వద్దన్నాడు, ఒక లెక్చరరును చేసుకొన్నాడు. ఈ సంగతి ఎందుకు చెప్తా ఉన్నానంటే, తరువాత మా ఇద్దరికీ జరిగినదంతా చూసి, మా చుట్టాలందరూ "ఇంగేముంది, అప్పుడు వద్దన్నాడనే కసి" అని తేల్చినారు. ఒక ఆడది పెండ్లి కోసం పగబడుతుందంటే అందరికీ అర్థమవుతుంది. కథల కోసం పగబడుతుందంటే ఎవరికీ అర్థం కాదు. ఆయన నన్ను చేసుకోలేదని నేను ఒక్క పూట కూడా ఏడ్వలేదు. నాకు దొరికిన మనిషి హోసూరులో లారీ తోలేవాడు, గ్రానైట్ రాళ్ళు ఎత్తుకొని దేశమంతా తిరిగేవాడు. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి నిలబడినప్పుడు డ్రైవర్లు టీ తాగతా చెప్పుకొనే దయ్యాల సంగతులన్నీ మూటగట్టుకొని ఇంటికి తెచ్చేవాడు. వేరే ఆడోళ్ళ మొగుళ్ళు చీరలు తెచ్చినారు, మా ఆయన దయ్యాలు తెచ్చినాడు. నాకు అదే బాగుండేది.

నేను మామిడి కాలంలో కృష్ణగిరి పక్కన ఒక పల్ప్ ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేసేదాన్ని. కాలం అయిపోతే పని ఉండదు. ఒళ్ళంతా పట్టిన మామిడి వాసన పోవడానికే చానా రోజులు పట్టేది. ఆ ఖాళీలో మొదటి కథ రాసినాను. సామల్పట్టి రైల్వే స్టేషన్‌లో ఒక ఆడది మామిడికాయల బుట్ట పక్కన పెట్టుకొని ఎప్పుడూ రాని బండి కోసం కూర్చొని ఉంటుంది. ఎవరడిగినా, "మా ఆయన దిగుతాడు, ఈ కాయలు ఆయన కోసం" అంటుంది. కాయలు ఎప్పుడూ పండవు. అంతే కథ. దాన్ని వీక్లీలకు పంపినాను. కొన్ని తిరిగొచ్చినాయి, కొన్ని తిరిగి కూడా రాలేదు. ఒక సంపాదకుడు మాత్రం, 'ముందు తెలుగు నేర్చుకోగలరు' అని ఒక్క వాక్యం రాసి పంపినాడు. పుట్టినప్పటినుంచి నేను మాట్లాడతా ఉన్నది ఏ భాషో అని మా ఆయన, నేను ఆ రోజంతా ఆలోచించినాము.

అప్పుడు బావ ఏదో పెండ్లికి వచ్చి, మా ఇంట్లో దిగి, కథ చదివి, "అద్భుతం" అన్నాడు. ఆయనకు అది అలవాటు మాట, కాఫీ తాగినా అద్భుతమే. కానీ కథను గురించి నాకు ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆయనే. "మా వీక్లీలో వేయిస్తాను. కానీ నీ పేరుతో కాదే. దయ్యం కథకు ఆడపేరు పెడితే జనం భయపడరు, వంటల శీర్షిక అనుకుంటారు" అని నవ్వి, ఒక మగపేరు ఆయనే పెట్టినాడు. గంభీరమైన పేరు, మీసాలున్న పేరు. ఆ పేరు ఇప్పుడు నా నోటితో చెప్పను. ఆ రోజు మాత్రం నాకు అది ఎంత ముద్దుగా అనిపించిందో! పిల్లలు దొంగాట ఆడేటప్పుడు ముసుగేసుకొన్నట్లుండేది.

హోసూరు బస్టాండు అంగడిలో తాడుకు క్లిప్పు పెట్టి వేలాడేసిన వీక్లీ మీద, నెత్తురు కారినట్లుండే అక్షరాల్లో ఆ పేరు చూసిన రోజు నేను అంగడి ముందరే నిలబడిపోయినాను. బస్సు పోయింది, ఇంగొకటి పోయింది. లోపల బొమ్మేసినాయన నా సామల్పట్టి ఆడదానికి తెల్లచీర కట్టించి, జుట్టు విరబోసి, కోరలు పెట్టినాడు. నేను రాసింది గళ్ళచీర, నున్నగా దువ్విన తల, కనకాంబరాలు. ఆ కోరలతో మామిడికాయ ఎట్ల కొరుకుతుందోనని మా ఆయన అడిగినాడు. అయినా జూజువాడిలో డ్రైవర్లందరికీ ఆ వీక్లీలు కొనిపెట్టి, "ఇది మా ఇంటామె రాసింది" అని చెప్పినాడు. వాళ్ళెవరూ నమ్మలేదు. "నువ్వు రొంత తగ్గించప్పా" అన్నారంట.

అట్ల చానా ఏండ్లు నడిచింది. పైకి పోయిన రోజులూ ఉన్నాయి, కిందపడిన రోజులూ ఉన్నాయి. అమావాస్య ప్రత్యేక సంచిక అని వరసగా నా కథలు వేసిన కాలముంది. సబ్బు ప్రకటనకు చోటు చాలక నా డిటెక్టివ్ కథలో చివరి పేరా కత్తిరించేసిన కాలమూ ఉంది. హంతకుడు ఎవరో ఆ పేరాలోనే ఉన్నింది. ఆ కథలో హంతకుడు ఇప్పటికీ దొరకలేదు. నా 'ఆడ', 'ఈడ'లన్నీ బావ 'అక్కడ', 'ఇక్కడ' చేసేవాడు. దయ్యాల మాటలు మాత్రం మార్చకుండా వదిలేసేవాడు, దయ్యం ఎట్ల మాట్లాడినా చెల్లుతుందని. జనానికి నచ్చిందేమో ఆ దయ్యాల మాటే. ఇంగొక సంగతి కూడా ఆ కాలంలోనే గమనించినాను. బావ నా కథలు మొదటి రెండు మూడు పుటలే చదివేవాడు. ఫోన్లో "ముగింపు అద్భుతం" అనేవాడు. ఏ ముగింపు అని అడిగితే "మొత్తం" అనేవాడు.

తరువాత ఫోన్లు వచ్చినాయి, వీక్లీలు సన్నగైపోయినాయి, కరోనా వచ్చి బావ వీక్లీని కూడా ఎత్తుకొనిపోయింది. ఇంగ దయ్యాల పని అయిపోయిందనుకొన్నాను. ఒక రోజు వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తా ఉంటే, మా ఆయన ఫోను తెచ్చి నా ముఖం ముందర పెట్టినాడు. ఎవరో ఇంటర్వ్యూ. మా బావ కుర్చీలో కాలు మీద కాలేసుకొని, కుడిచేతికి గడియారం పెట్టుకొని కూర్చొన్నాడు. కింద ఆ మారుపేరు, బ్రాకెట్లో బావ పేరు. "సామల్పట్టి స్టేషన్‌లో ఒంటరిగా గడిపిన ఆ రాత్రులే నన్ను రచయితను చేశాయి" అంటా ఉన్నాడు. మా బావ జీవితంలో సామల్పట్టిలో బండి దిగలేదు. నేను చింతపండు అట్లే వదిలేసి, ఆ చేతితోనే ఫోను తీసి ఆయనకు చేసినాను.

"ఏం బావా, నా కథలు నీవెప్పుడైనాయి?"

ఆయన రొంత కూడా జంకలేదు. "కథలు నీవే. కాదన్నానా? కానీ పేరు పెట్టింది నేను. జనానికి తెలిసింది పేరు, కథ కాదు. ఆ పేరుకొక ముఖం కావాలన్నారు, ఇచ్చాను. హోసూరులో చింతపండు ఒలుచుకునే ముఖాన్ని చూపిస్తే ఎవరు భయపడతారే?" అని నవ్వినాడు. చింతపండు సంగతి ఆయనకెట్ల తెలిసిందో! ఊరికే నోటికొచ్చింది అని ఉంటాడు. ఆ మాట నాకు ఎంత లోతుగా దిగిందంటే, ఆ పూటనుంచి నాకు ఆకలి, నిద్ర అన్నీ బాగానే ఉన్నాయి గాని, ఆ రెండింటి మధ్య ఒకే పని ఉండేది. ఈయన్ను ఏం చెయ్యాలని ఆలోచించడం. నిప్పు మీద నీళ్ళు చల్లితే పొగ వస్తుంది కదా, నేను చల్లలేదు. బూడిద కప్పి పెట్టుకొన్నాను.

మరుసటేడు ఆయనే నన్ను వెతుక్కొంటా వచ్చినాడు, పూతరేకుల డబ్బాతో. ఫోన్లో కథలు వినిపించే ఒక కంపెనీ ఆ మారుపేరు కథలన్నీ తీసుకొంటుందంట. కానీ దానికి ముందు హోసూరు తెలుగువాళ్ళ హాల్లో, సొంత జనం ముందర, రచయిత కొత్త కథను సొంతంగా చదివి వినిపించాలంట, దాన్ని రికార్డు చేస్తారంట. "ఒక్క కథ కావాలి" అన్నాడు.

"నువ్వే రాయొచ్చు కదా బావా?"

"ప్రయత్నించానే. దయ్యం వస్తుంది. వచ్చి ఏం మాట్లాడాలో దానికి తెలియట్లేదు" అన్నాడు. ఆయన నాకు చెప్పిన మాటల్లో నిజమైనది అదొక్కటే అనుకొంటా. రాస్తానని చెప్పినాను. ఆయన పోయినాక మా ఆయన పూతరేకు నోట్లో వేసుకొని, "ఇవి బాగున్నాయి, మనిషే బాగలేడు. నిజంగా రాసిస్తావా?" అన్నాడు. "రాసిస్తా" అన్నాను. నా ముఖం చూసి డబ్బాకు మూత పెట్టేసినాడు. లారీ మనిషి, ముందర మలుపు ఎట్లాంటిదో ముందే పసిగడతాడు.

ఆ మామిడి కాలమంతా ఆ కథ రాసినాను. బస్సులో రాసినాను, పల్ప్ ఉడికే వాసనలో రాసినాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏదీ రాయలేదు. అట్లాంటి సంతోషం మంచిది కాదని పెద్దోళ్ళు అనొచ్చు. అయినా మంచి కథ ఎట్లాంటి సంతోషంలో అయినా పుడుతుంది. బావ ఫోన్ల మీద ఫోన్లు చేసినాడు. "దిద్దతా ఉన్నాను బావా, ఇంగా రొంత" అంటా సభ రోజుదాకా లాగినాను. ఆదివారం పొద్దున హాలు మెట్ల మీద కాగితాలు చేతికిచ్చినాను. ఆయన నిలబడినట్లే మొదటి పుటలు రెండు తిప్పి, "అద్భుతం" అని లోపలికి పోయినాడు.

హాలు నిండింది. మా చుట్టాలు, కంపెనీ మైకులు, హోసూరు ఫ్యాక్టరీలకు వచ్చిన ఆంధ్రా పిల్లోళ్ళు. ముందు వరసలో మధ్యలో మా అత్త. కొడుకే గురుబరపల్లికి కారు పంపించి, కొత్త చీర కట్టించి, అందరికీ కనబడేటట్లు కూర్చోబెట్టినాడు. ఈ ఏర్పాటంతా అత్త నాకు ముందే ఫోన్లో చెప్పింది. నేను వెనకాల తలుపు పక్కన కుర్చీ వేసుకొన్నాను. సన్మానమైంది, శాలువా కప్పినారు, బావ కుర్చీలో కాలు మీద కాలేసుకొని, గొంతు సవరించుకొని మొదలుపెట్టినాడు.

ఆయన బాగా చదువుతాడు, అది ఒప్పుకోవాల. జూజువాడి దగ్గర మంచులో లారీ ఆగుతుంది. ఒక ఆడది చెయ్యెత్తి లారీ ఎక్కుతుంది. గళ్ళచీర, నున్నగా దువ్విన తల. డ్రైవరు యాడికి పోవాలని అడిగితే, "నా పేరు పోయిందప్పా. ఎవరో ఎత్తుకొనిపోయినారు. వెతుక్కొంటా ఉన్నాను" అంటుంది. పేరు లేదు కాబట్టి ఆమెను ఎవరూ పిలవలేరు, పిలవలేరు కాబట్టి ఆమెకు చావు కూడా రాదు. లారీ కృష్ణగిరి దాటింది, సామల్పట్టి పోయి వచ్చింది, ఊరూరా అడిగింది. ఎవరో చెప్పినారు, 'నీ పేరును ఒకాయన తొడుక్కొని తిరగతా ఉన్నాడు, ఈ రోజు హోసూరులో సభ' అని. లారీ హోసూరుకు తిరిగింది.

ఈడ బావ గొంతు ఒక్క పిసరు తగ్గింది. కళ్ళు ముందు లైన్ల మీదికి పరిగెత్తినాయి. కానీ మైకు ముందర, రికార్డు అవతా ఉండగా ఆపడం ఎట్ల? చదివినాడు. "ఆ హాల్లో వేదిక మీద ఒక మనిషి కూర్చొని ఉన్నాడు. కుడిచేతికి గడియారం. ఎడమ కనుబొమ మీద, చిన్నప్పుడు మేకపోతు పొడిచిన మచ్చ. ముందు వరసలో వాళ్ళమ్మ కొత్త చీర కట్టుకొని కూర్చొని ఉంది." మా అత్త తలెత్తి కొడుకు కనుబొమను చూసింది. చుట్టాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. "అప్పుడు ఆ ఆడది హాలు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది" అని ఆయన చదివినాడు, చదివేసినాక ఏం చదివినాడో ఆయనకు అర్థమైంది. హాల్లో తలలన్నీ ఒకేసారి తలుపు పక్క తిరిగినాయి. నేను లేచి నిలబడినాను. ఇస్త్రీ పెట్టుకొన్న గళ్ళచీర, కనకాంబరాలు.

బావ నీళ్ళు తాగినాడు. చివరి పుట తిప్పి చూసినాడు. ఆడా తప్పించుకొనే దోవ లేదు, నేను పెట్టలేదు. "సమయం మించిపోయింది కాబట్టి కథను ఇంతటితో..." అన్నాడు. రికార్డు చేసే కంపెనీ అమ్మాయి కంగారుగా "సార్, ముగింపు?" అనింది. వెనకనుంచి ఆంధ్రా పిల్లోళ్ళు "ముగింపు, ముగింపు" అని అరిచినారు. అప్పుడు మా అత్త కూర్చొన్న చోటినుంచే, మేకల్ని పిలిచే గొంతుతో అనింది. "ఎందుకాపినావురా? చదువు. అదొచ్చి ఏమడిగింది?"

ఆయన కాగితాలు బల్ల మీద పెట్టేసినాడు. నాకు కాగితాలతో పని లేదు. తలుపు దగ్గర నిలబడే ముగింపు చెప్పినాను. "ఆ ఆడది ఏమీ అడగలేదు. అరవలేదు, ఏడ్వలేదు. నడుచుకొంటా పోయి ఆయన ముందర చెయ్యి చాపి, 'నా పేరు నాకిచ్చెయ్ బావా' అనింది." అంతే నేను రాసింది, అంతే చెప్పినాను. చెయ్యి మాత్రం నిజంగానే చాపినాను. కాలు మీద కాలు ఎప్పుడు దించినాడో గాని, మా బావ నా చేతిని చూసి కుర్చీలో వెనక్కి జరిగినాడు. నా కథల్లో ఇంతమంది భయపడినారు, నా కళ్ళారా చూసింది ఆయన భయమొక్కటే. చెప్తే ఏమనుకొంటారో గాని, కడుపు నిండినట్లయింది. ఆ నిండిన కడుపు ఇంగా ఖాళీ కాలేదు.

తరువాత వసారాలో టీల దగ్గర, శాలువా చంకలో పెట్టుకొని, నా మీదికి వచ్చినాడు. కోపంలో పాత మాట తిరిగొచ్చేసింది. "ఏమే, నీ కథలంటా ఉన్నావే, అవన్నీ మా అమ్మ చెప్పినవి కాదా? ఆమె దగ్గర నువ్వు ఎత్తుకొన్నావు, నీ దగ్గర నేను ఎత్తుకొన్నాను. ఏం తేడా?" అన్నాడు. చుట్టూ ఉన్నోళ్ళు నా పక్క చూసినారు. నేను నోరు తెరిచేలోపల మా అత్త టీ గ్లాసు దించి, "ఉండరా" అనింది. "మోరీ కింద దయ్యం ఉందని చెప్పింది నేను. అది ఎందుకేడుస్తుందో చెప్పింది ఇది. నాకు తెలిస్తే నేనే చెప్పేదాన్ని కదా." ఆ మాట తరువాత మా బావ పోయి కారులో కూర్చొన్నాడు.

నేను అత్త చెయ్యి పట్టుకొని, మా ఇంటికి రమ్మన్నాను. ఆమె నా కొంగు సర్ది, పువ్వులు సరిగ్గా పెట్టి, "రాలేనే. నువ్వు గెలిచినావు, నీకు చానా మంది ఉంటారు ఈ పూట. వానికి నేనే కదా" అని, పోయి కొడుకు పక్కన కూర్చొనింది. కారు తిరిగేటప్పుడు నా పక్క చూడలేదు. ఆ సభలో నాకు తగిలిన దెబ్బ అదొక్కటి. దాన్ని కూడా నేను బావ లెక్కలోనే రాసుకొన్నాను. అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టింది ఆయనే కదా.

కంపెనీ వాళ్ళు ఆయన్ను వదిలేసి నా దగ్గరికి వచ్చినారు. ఇప్పుడు నా కథలు నా పేరుతోనే, 'ఆడ', 'ఈడ'లతోనే వస్తాయి. వీక్లీల్లో వచ్చిన పాత కథలను మాత్రం పుస్తకాలు చేసి, ఆ మీసాల పేరుతో, మా బావ ఫొటోతో ఇంగా అమ్మతానే ఉన్నారు. ఆ సభ సంగతి హోసూరు దాటి ఎవరికీ తెలియదు. అందుకే కామెంట్లలో నేను దొంగను, ఆయన గురువు. ఆయన ఇప్పుడు 'భయాన్ని రాయడం ఎలా' అని ఫోన్లో పాఠాలు కూడా చెప్తా ఉన్నాడంట. చెప్పనీ. నేను మాత్రం రాసే ప్రతి కథలోనూ ఒక బావను చంపతాను. ఒకాయన గ్రానైట్ క్వారీలో పడినాడు, ఒకాయన పల్ప్ డ్రమ్ములో మునిగినాడు, ఒకాయన్ను రోజాపూల షెడ్డులో ముండ్లు చుట్టుకొన్నాయి. మీ కథల్లో బావలే ఎందుకు చస్తారని కంపెనీ అమ్మాయి అడిగింది. "ఇంగా చావలేదు కాబట్టి" అని చెప్పినాను. తమాషా అనుకొని నవ్వింది.

అత్త ఇప్పుడు కొడుకు దగ్గరే ఉంది. చెవులు మందగించినాయి. అప్పుడప్పుడు ఆయనకు తెలియకుండా ఫోను చేసి, "ఈసారి యాడ చంపినావే?" అని అడుగుతుంది. నేను గట్టిగా అరిచి చెప్తాను, ఆమె విని నవ్వుతుంది. మొన్న అట్లే నవ్వి, "వాడు ముసలోడైపోయినాడే. ఇంగ వదిలెయ్" అనింది. నేను వినబడనట్లు ఇంగొక సంగతి ఎత్తుకొన్నాను. కాలం నా దగ్గర చానా తీసుకొనింది. వీక్లీలను తీసుకొనింది, కంటిచూపు రొంత తీసుకొనింది, మా ఆయన లారీని తీసుకొనింది, దేనికీ నన్ను అడగలేదు. ఈ కోపాన్ని కూడా తీసుకొనిపోదామని అప్పుడప్పుడు మా వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. నేను తలుపు తియ్యను.